తొమ్మిదో కాటా మీద క్యారేజీ

ప్రోగ్రాములో ఒక్క లైను తీసెయ్యడానికి మేము స్టాంపు పేపరు కొన్నామని చెబితే, ఇప్పుడు కంప్యూటరు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నా వంక జాలిగా చూస్తున్నారు. పెద్దావిడ ఏదో కలిపి చెబుతోందని వాళ్ళ అనుమానం. కలిపి చెప్పే అలవాటు నాకు లేదు. కలపకుండానే కావలసినంత జరిగింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. పాలిటెక్నిక్‌లో పదేళ్ళు పాఠాలు చెప్పి, నా మాట పిల్లలకంటే గోడలే శ్రద్ధగా వింటున్నాయన్న కోపంతో రాజీనామా చేసి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. కింద బ్యాటరీల షాపు, పైన మేము. యాసిడ్ వాసనకి కళ్ళు మండుతుంటే, కష్టపడి పనిచేస్తున్నామని మా యజమాని సంతోషించేవారు. ఆయన కాక మేము అయిదుగురం. నేను ప్రోగ్రాములు రాసేదాన్ని. టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడితే వచ్చి చేరిన ఒకావిడ వాటిని పరీక్షించేది. సర్వీసు కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళు ఇద్దరు. హార్డ్‌వేర్ చూసేందుకు ఒక ముస్లిం పెద్దాయన ఉండేవారు. రేడియోలు బాగుచేసే కుటుంబం ఆయనది. ఆయన్ని అందరం భాయ్ గారూ అనేవాళ్ళం.

కంప్యూటరులో మనకు కనిపించే ప్రోగ్రాములన్నిటికీ అడుగున, వాటిని నడిపించే ప్రోగ్రాము ఒకటుంటుంది. దాన్ని కెర్నెల్ అంటారు. పైన ఏదైనా చెడితే అదొక్కటే చెడుతుంది. కెర్నెల్ చెడితే అన్నీ ఒకేసారి పడకేస్తాయి. మేము పనిచేసేది సరిగ్గా అక్కడే.

మాకు చెప్పుకోదగ్గ ఖాతాదారు ఒక్కరే. పామర్రు వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు పాల డైరీ. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సైకిళ్ళ మీద, ఆటోల్లో పాలు తెచ్చేవారు. ఎనిమిది కాటాలు, అన్నిటినుంచీ వైర్లు ఒకే కంప్యూటరుకి. క్యాను కాటా మీద పెట్టగానే తూకం ప్రోగ్రాము మా కోడును తెరిచేది, బరువు చదివేది, క్యాను దించగానే మూసేసేది. ఒక్క క్షణంలో ఎందరు తెరిచి ఉంచారో మా కోడు లెక్కపెట్టుకునేది. ఒకరొస్తే ఒకటి కలుపు, వెళ్తే ఒకటి తియ్యి. లెక్క సున్నా అయితే ఇక ఎవరూ లేరని సామాను సర్దేసి, వాడుకున్న మెమరీని తిరిగి ఇచ్చేసేది.

డైరీ యజమాని ముచ్చటపడి రెండు ప్రాసెసర్లున్న కొత్త కంప్యూటరు కొన్నారు. మా తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. రెండు ప్రాసెసర్లు ఒకే లెక్క మీద ఒకేసారి చెయ్యి పెడితే లెక్క తప్పుతుంది. అందుకని ఒకటి పనిచేసేటప్పుడు రెండోది ఆగేలా కోడులో ఒక లాకు పెడతారు. ఒకటి చాలు. మా కోడులో పన్నెండు ఉన్నాయి. నాకు ముందు పనిచేసినవాళ్ళు, జ్వరం వచ్చినప్పుడల్లా ఒక తాయెత్తు కట్టినట్టు, మిషను ఆగినప్పుడల్లా ఒక లాకు పెట్టుకుంటూ పోయారు.

ఇప్పుడు ఒక ప్రాసెసరు మూడో లాకు పట్టుకుని అయిదోది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసేది. రెండోది అయిదోది పట్టుకుని మూడోదాని కోసం చూసేది. మీరు ముందు నడవండి అంటే, అయ్యో మీరే నడవండి అంటూ గుమ్మంలో నిలబడిపోయే మన కృష్ణా జిల్లా మర్యాద అన్నమాట. భోజనం చల్లారిపోయినా ఎవరూ లోపలికి రారు. రోజూ సరిగ్గా పాలు వచ్చే వేళకే ఇది జరిగేది. క్యాన్లు ఎండలో వరస కట్టేవి.

డైరీ యజమాని మమ్మల్ని పిలిపించారు. కేకలెయ్యలేదు. అందుకే భయం వేసింది.

"ఇరవై రోజులు చూస్తానండీ. అప్పటికీ ఇలాగే ఉంటే మీ పెట్టె మీరు పట్టుకెళ్ళండి. నాకు పలకా బలపం చాలు."

ఆ డైరీ పోతే ఆఫీసుకి తాళమే. ఆరుగురం ఇంటికి పోవాల్సిందే.

నాకు మాత్రం ధైర్యంగా ఉంది. ఎందుకంటే పుస్తకం చదివాను. ప్రాసెసరులోనే ఒక వసతి ఉంటుంది. లెక్కకి ఒకటి కలపడం, తియ్యడం ఒక్క దెబ్బలో అయిపోతాయి, మధ్యలో రెండోవాడు దూరడానికి సందు ఉండదు. దాన్ని అటామిక్ కౌంటరు అంటారు. అది ఉంటే లెక్క కోసం లాకు అక్కర్లేదు. పన్నెండు లాకులూ పీకేసి ఒక్క కౌంటరు పెడతానని చెప్పాను.

మా యజమాని మొహం పాలిపోయింది.

"పెట్టినవాళ్ళని అడక్కుండా తియ్యకూడదు మేడమ్ గారూ."

అది మా ఆఫీసు ఆచారం. ప్రతి లాకు పక్కనా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో 'దయచేసి తియ్యవద్దు' అని రాసి, పెట్టినవాళ్ళ పొడి అక్షరాలు ఉండేవి. వెనకటికి ఎవరో అలా ఒకటి తీసేశారట. అదే వారం మా యజమాని స్కూటరు పోయిందట.

"దానికీ దీనికీ సంబంధం ఏంటండీ?" అన్నాను.

"లేదని మీరు రాసిస్తారా?"

నేను రాసివ్వలేదు. దాంతో, లాకులు తియ్యడానికి అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టించుకుని రావడం ఖాయమైంది. పెట్టినవాళ్ళు ముగ్గురూ ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు. భాయ్ గారి స్కూటరు వెనక కూర్చుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని బయల్దేరాను.

మొదటాయన హనుమాన్ జంక్షన్‌లో లారీ టైర్ల షాపు పెట్టుకున్నాడు. ఏడు లాకులు ఆయనవే. టైర్ల మధ్య కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"ఎందుకు పెట్టారో గుర్తుందాండీ?" అని అడిగాను.

"గుర్తు లేకేమండీ. మొదటిది మిషను ఆగిపోయిందని పెట్టాను. రెండోది, మొదటిది సరిపోదేమోనని. మూడోది, రెండోదాని మీద నమ్మకం లేక."

"మిగతా నాలుగూ?"

"అప్పుడు ఇంక్రిమెంట్ల టైమండీ. ఈ నెల ఏం చేశావని అడిగితే చూపించుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

హాయిగా సంతకం పెట్టాడు. వచ్చేటప్పుడు గొంతు తగ్గించి, "తీసేటప్పుడు నేను రాకపోయినా ఫరవాలేదు కదండీ?" అన్నాడు. ఫరవాలేదన్నాను.

రెండో ఆయన విజయవాడలోనే శుభలేఖలు అచ్చు వేస్తున్నాడు. నాలుగు లాకులు ఆయనవి. విషయం వినగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

"మూడేళ్ళలో నేను అక్కడ చేసిన పనల్లా అదొక్కటేనండీ. అదీ తీసేస్తే నేనక్కడ పనిచెయ్యనట్టే కదా?"

 చివరికి బేరం కుదిరింది. లాకులు తీసేసినా 'ఇచ్చట నాలుగు లాకులు ఉండెడివి' అన్న మాటా, ఆయన పొడి అక్షరాలూ కోడులో ఉంచాలి. ఉంచాను. నేను రిటైరయ్యేదాకా అవి అక్కడే ఉన్నాయి.

మూడో ఆయన ఇబ్రహీంపట్నంలో ఇంట్లోనే లెక్కల ట్యూషన్లు చెబుతున్నాడు. అసలు మొట్టమొదట కోడు రాసింది ఆయనే. పనిలో నిదానమని అప్పట్లో పంపించేశారు. కిటికీలోంచి థర్మల్ స్టేషను పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. ఆయన వాటినే చూస్తూ మాట్లాడాడు.

"ఒక్కటే పెట్టాను. పెట్టిన రోజు గుర్తుంది. వాన పడుతోంది. ఎందుకు పెట్టానో మాత్రం గుర్తు రావట్లేదు. కానీ మేడమ్, నేను ఊరికే పెట్టే మనిషిని కాదు."

నేను అరగంట పాఠం చెప్పాను. లెక్క ఇక ఎన్నటికీ తప్పదని కాగితం మీద గీసి చూపించాను.

"లెక్క తప్పదు. ఒప్పుకున్నాను. కానీ..." అన్నాడు. మళ్ళీ కిటికీ వైపు చూశాడు. ఆ 'కానీ' తరవాత మాట ఆయనకి అందలేదు. పదేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఎదుటివాళ్ళు మాట్లాడకపోతే అర్థమైందనుకోవడం నాకు అలవాటు. పెన్ను ఆయన చేతిలో పెట్టాను. సంతకం పెట్టాడు. ఆ సంతకం నేను పెట్టించుకున్నది గాని ఆయన పెట్టింది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తిరిగి వస్తుంటే భాయ్ గారు అన్నారు: "ఆయనది ఒక్కటే కదా మేడమ్. పోనీ అదొక్కటీ ఉంచేద్దాం."

"ఎందుకుందో తెలియనిదాన్ని ఉంచుకోవడం మూఢనమ్మకం భాయ్ గారూ" అన్నాను. స్టాంపు పేపర్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఈ మాట అన్నాను. నవ్వుకోండి.

కోడు రాశాను. మా టెస్టింగ్ ఆవిడ ఎనిమిది కాటాలు తెప్పించి, కింద షాపువాళ్ళ బ్యాటరీలు వాటి మీద ఎక్కిస్తూ దింపుతూ ఒక రోజంతా పరీక్ష పెట్టింది. ఎనిమిదీ ఊపిరాడకుండా పనిచేశాయి. ఒక్కసారి కూడా ఆగలేదు.

"బాగానే ఉందండీ. మరి ఎవరూ లేనప్పుడు ఏమవుద్ది?" అని అడిగింది.

"ఎవరూ లేనప్పుడు ఏమైతే ఎవరికి ఇబ్బందండీ?" అన్నాను. నా జీవితంలో అన్న తెలివితక్కువ మాటల్లో దీనికి మొదటి స్థానం ఇస్తాను.

ఇక ఆ రోజు. తెల్లారేసరికి అందరం డైరీలో ఉన్నాం. కొత్త కోడు ఎక్కించాం. క్యాన్లు వచ్చాయి, ఎక్కాయి, దిగాయి. ఎనిమిది కాటాల దగ్గరా పని మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా సాగింది. మా యజమాని తెచ్చిన బందరు లడ్డూలు అప్పుడే పంచేశారు. అక్కడ తొందరపడ్డారు.

తొమ్మిది గంటలకి రద్దీ పలచబడింది. ఒక పెద్దావిడ చిన్న స్టీలు క్యాను తెచ్చి మూడో కాటా మీద పెట్టింది. తెర మీద నాలుగొందల పన్నెండు కిలోలని పడింది.

నేను పరిగెత్తాను. "మామ్మగారూ, అది తప్పండీ. మీ క్యానులో నాలుగు లీటర్లకి మించి పట్టవు."

"తప్పెందుకవుద్ది? మనిషైతే తప్పు చెబుతాడు, మిషను చెప్పదని మీ వోళ్ళేగా అన్నది?"

"అంత బరువంటే మీ గేదె కూడా ఉండదండీ!"

"మా గేదెని నువ్వు చూశావా?"

చూడలేదు. ఆ ముక్క ఒప్పుకోవలసి వచ్చింది. ఆవిడ చీటీ అచ్చు వేసి ఇస్తేగాని కదలనని అక్కడే చతికిలబడింది.

ఈ వార్త క్షణంలో గేటు దాటింది. మూడో కాటా చెయ్యి మంచిదని తేలిపోయింది. తూకం అయిపోయి వెళ్ళిపోతున్నవాళ్ళు కూడా సైకిళ్ళు వెనక్కి తిప్పారు. మిగిలిన ఏడు కాటాల దగ్గరా ఈగలు తప్ప ఎవరూ లేరు. అందరూ మూడోదాని మీద పడి తోసుకుంటున్నారు. ముందు క్యాను పూర్తిగా దిగకముందే తరవాతది ఎక్కిస్తున్నారు. అంకెలు వీరంగం వేశాయి. ఒకాయన నిండు క్యాను సున్నా తూగింది. ఇంకొకాయనకి సున్నాకంటే పదకొండు కిలోలు తక్కువ వచ్చింది.

"అంటే ఏంటండీ, నేనే మీకు పొయ్యాలా?" అని ఆయన నన్ను నిలదీశాడు.

అప్పుడు కంప్యూటరు పూర్తిగా చచ్చిపోయింది. మళ్ళీ లేపాం. మళ్ళీ చచ్చింది.

ఆ గోలలో నిలబడి ఉండగా నాకు అర్థమైంది. పెళ్ళి పంక్తిలో ఆఖరాయన లేవగానే, ఇక ఎవరూ లేరని ఆకులు తీసేస్తారు. తీస్తుండగా కొత్తాయన ఒకాయన వచ్చి కూర్చున్నాడనుకోండి. మనుషుల లెక్క సరిగ్గానే ఉంది. సున్నా, తరవాత ఒకటి. కాని ఆయన ముందున్న ఆకు లాగేశారు. తిరిగి ఇచ్చేసిన మెమరీలోంచి చదివిన చెత్తే ఆ వింత బరువులు. నా కౌంటరు మనుషుల్ని తప్పు లేకుండా లెక్కపెట్టింది. ఆకులు తీసేంతవరకు కొత్తవాళ్ళని గుమ్మంలో ఆపేదెవరు? ఇబ్రహీంపట్నం ఆయన లాకు ఆపేది. ఎనిమిది కాటాలూ నిండుగా ఉన్నంతసేపు లెక్క సున్నా కాలేదు కనక తప్పు దాక్కుంది. జనమంతా ఒక్క కాటా మీద పడేసరికి క్యాను క్యానుకీ సున్నా అవుతోంది.

అర్థమైతే అయింది, బాగుచేసి పరీక్షించడానికి రోజులు కావాలి. ఎండ పాల క్యాన్ల మీదికి వచ్చేసింది. డైరీ యజమాని వచ్చి పక్కన నిలబడ్డారు.  మా ఆరుగురి కూడు నేనే చెడగొట్టానని తెలిసి నిలబడటం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

భాయ్ గారు నెమ్మదిగా అడిగారు. "మేడమ్, లెక్క సున్నా అయితేనే కదా గొడవ?"

"అవును."

"అవ్వకుండా చూస్తే?"

నేను జవాబు చెప్పేలోగా ఆయన స్కూటరు దగ్గరికి వెళ్ళి తన భోజనం క్యారేజీ తెచ్చారు. మూలన స్పేరుగా పెట్టిన తొమ్మిదో కాటాకి వైరు తగిలించి, దాని మీద క్యారేజీ పెట్టారు. కంప్యూటరుని మళ్ళీ లేపగానే తూకం ప్రోగ్రాము మా కోడును తెరిచింది. బరువు దించితేగాని అది మూసుకోదు. క్యారేజీ ఎవరూ దించరు. కనక లెక్కలో ఎప్పుడూ ఒకరు ఉంటారు. పంక్తిలో ఒకాయన లేవకుండా కూర్చున్నాడు, ఇక ఆకులు తీసే ప్రసక్తే లేదు.

మూడో కాటా నిజం చెప్పడం మొదలుపెట్టింది. జనానికి ఆసక్తి పోయి ఎనిమిది వరసలూ మళ్ళీ కట్టారు. పాలు లోపలికి వెళ్ళాయి.

సంతోషించాలి కదా. నాకు ఒళ్ళు మండింది. "ఇది పరిష్కారం కాదండీ భాయ్ గారూ! ఇదేంటసలు?"

"క్యారేజీ మేడమ్" అన్నారాయన.

డైరీ యజమాని అప్పుడు నోరు విప్పారు. "ఇంతకీ తప్పు ఎవరిది?"

మా యజమాని ఫైలు తెరిచి మూడు స్టాంపు పేపర్లూ చూపించబోయారు. తీసేసిన పన్నెండు లాకులకీ సంతకాలున్నాయి. నేను కొత్తగా రాసినదానికే ఎవరి సంతకమూ లేదు.

"నాదేనండీ" అన్నాను.

డైరీ యజమాని నన్ను వదిలేసి క్యారేజీ వంక చూశారు. "అందులో అన్నముందా?"

"ఉందండీ. చేపల పులుసు కూడా" అన్నారు భాయ్ గారు.

"మరి మీరేం తింటారు?"

ఆ మధ్యాహ్నం భాయ్ గారు డైరీ యజమాని ఇంట్లో భోంచేశారు. మాకు ఆజ్ఞ మాత్రం బయటే వచ్చింది. ఇరవైలో ఇంకా పదకొండు రోజులున్నాయి. అంతవరకు క్యారేజీని ఎవరూ ముట్టుకోకూడదు. పన్నెండో రోజు అది లేకుండా నడవకపోతే క్యారేజీ, కంప్యూటరు రెండూ పట్టుకెళ్ళాలి.

"సాయంత్రం పాలు లేనప్పుడు దాన్ని తీసి ఇటుక పెట్టుకోవచ్చండీ, ఏమీ కాదు" అన్నాను.

"పొద్దున కూడా ఇలాగే చెప్పారు మేడమ్" అన్నారు డైరీ యజమాని.

 అలా చేపల పులుసు అక్కడే ఉండిపోయింది. మూడో రోజుకి వాసన మొదలైంది. చీమలు బారులు కట్టాయి. కాటా చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీశారు. అయిదో రోజుకి వాచ్‌మన్ తన కుర్చీ గేటు అవతలికి మార్చుకున్నాడు. పాలవాళ్ళు ముక్కులకి తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చారు గాని, క్యారేజీని ఒక్కరూ తాకలేదు.

ఇబ్రహీంపట్నం ఫోన్ చేశాను.

"మీ లాకు మళ్ళీ పెడుతున్నానండీ. మీరు ఎందుకు పెట్టారో తెలిసింది."

"నాకూ చెప్పండి మేడమ్" అన్నాడాయన, ఎంతో ఆత్రంగా.

చెప్పాను. ఊ కొడుతూ చివరిదాకా విన్నాడు. తరవాత, "అంత ఆలోచించి పెట్టానా నేను!" అన్నాడు. ఆ గొంతు విని నాకు సిగ్గేసింది.

కొత్త కోడు చిన్నదే. రోజంతా వచ్చేపోయేవాళ్ళ లెక్క అటామిక్ కౌంటరు చూసుకుంటుంది, ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. ఆఖరివాడు వెళ్ళే ఆ ఒక్క క్షణానికి, సున్నా కాబోతున్నప్పుడు, ఇబ్రహీంపట్నం ఆయన లాకు పడుతుంది. పన్నెండు పోయి ఒకటి మిగిలింది. రాయడానికి ఒక పూట పట్టింది. మా టెస్టింగ్ ఆవిడకి క్షమాపణ చెప్పి, ఎవరూ లేనప్పుడు ఏమవుతుందో చూడమన్నాను. ఆవిడ తొమ్మిది రోజులు అదే చూసింది. ఒక్క కాటా, ఒక్క బ్యాటరీ, ఎక్కించడం, దించడం.

గడువు రోజు పొద్దున కొత్త కోడు ఎక్కించాం. మా యజమాని రాలేదు, దుర్గమ్మ కొండకి వెళ్ళారు. క్యారేజీ ఎవరు దించాలన్న ప్రశ్నే రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో పిడి పట్టుకుని ఎత్తాను. ఇనుప కాటా మీద గుండ్రంగా తడి మచ్చ మిగిలింది.

మూడో కాటా మీద ఒక క్యాను ఎక్కింది. సరైన బరువే. దిగింది. ఇంకొకటి ఎక్కింది. అదే పెద్దావిడ వచ్చి తన స్టీలు క్యాను పెట్టింది. నాలుగు కిలోలకి కాస్త తక్కువ. ఆవిడ తెర వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "బాగుచేశారంటే ఏమో అనుకున్నా" అని విసుక్కుంటూ వెళ్ళిపోయింది. చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. డైరీ యజమాని తల ఊపి లోపలికి వెళ్ళారు. ఉద్యోగాలు నిలబడ్డాయి.

ఆ క్యారేజీని డైరీ కుళాయి దగ్గర నేనే కడిగాను. చింతపండు పెట్టి తోమాను, బూడిద పెట్టి తోమాను. లాభం లేకపోయింది. సాయంత్రం వన్‌టౌన్‌లో భాయ్ గారింటికి తీసుకువెళ్ళి ఆయన భార్య చేతికిచ్చాను. ఆవిడ మూత తీసి, మొహం పక్కకి తిప్పుకుని, మళ్ళీ పెట్టేసింది.

"కొత్తది కొనిస్తానమ్మా. తప్పు నాది" అన్నాను.

"ఎందుకమ్మా? ఇన్నాళ్ళూ ఆరిళ్ళల్లో పొయ్యి ఆరకుండా కాసింది ఇది. వాసనొస్తుందని పారేసుకుంటామా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ ముందే ఏడ్చాను, దాచుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం భాయ్ గారు ఆ క్యారేజీలోనే అన్నం తెచ్చుకుని, ఆఫీసులో మా మధ్య కూర్చుని మూత తీశారు. యాసిడ్ వాసన కూడా దాని ముందు ఓడిపోయింది. మేము ఆరుగురం ఉన్నాం. ఒక్కరమూ ముక్కు మూసుకోలేదు.